ఇరువది సెంట్ల చతురస్రము

పలమనేరు ప్రాంతమున ఇంటి స్థలములను సెంట్లలో లెక్కింతురు. ఎకరము 4,840 చదరపు గజములు. అందు నూరవ వంతు సెంటు. కావున పది సెంట్లు 484 చదరపు గజములగును. ఒక రైతు పది సెంట్ల చతురస్రమునకు కంచె వేయదలచినచో ఒక్కొక్క భుజము ఎంత ఉండవలెను? ఇదియే వర్గమూలపు ప్రశ్న. 22ను 22చే గుణించిన 484 వచ్చును. భుజము సరిగా 22 గజములు. పూర్వము సర్వే వారు వాడిన గొలుసు పొడవును అంతియే. స్థలము 30¼ చదరపు గజములైనచో భుజము 5½ గజములు. ఇది పూర్ణసంఖ్య కాదు, భిన్నము. అయినను లెక్క తెగినది.

ఆ రైతే రెట్టింపు స్థలమును, అనగా ఇరువది సెంట్ల చతురస్రమును కోరినచో చిక్కు వచ్చును. భుజమును రెట్టించిన చాలునని చాలమంది తలతురు. అట్లు చేసిన నలుబది సెంట్లగును! కావలసినది 968కి వర్గమూలము. 31 గజములు చాలవు; 32 మించును. 31.11 చాలదు, 31.12 మించును. దశాంశ స్థానములు ఎన్ని పెంచినను ఇంతే.

ఈ చిక్కును త్రాడు క్షణములో విప్పును. పది సెంట్ల స్థలమున ఒక మూలనుండి ఎదుటి మూలకు త్రాడు పట్టినచో, ఆ కర్ణమే క్రొత్త చతురస్రమునకు భుజము. యజ్ఞవేదికల కొలతలు చెప్పిన శుల్బసూత్రకారులు దీనిని ‘ద్వికరణి’ యనిరి. శుల్బమనగా త్రాడే. భుజమునకు దాని మూడవ వంతును, ఆ మూడవ వంతులో నాలుగవ వంతును కలిపి, ఈ కడపటి దానిలో 34వ వంతును తీసివేయుమని బౌధాయనుడు చెప్పెను. భుజము ఒకటియైన, ఆ లెక్క 577/408 అగును. 577 వర్గము 3,32,929. 408 వర్గమునకు రెట్టింపు 3,32,928. తేడా ఒక్కటే!

ఇంకొక భిన్నముతో ఆ ఒక్కటియు తొలగునా? √2 ఒక భిన్నమే యనుకొని, దానిని ఇక కుదింప వీలులేనంతగా కుదించినట్లు భావింపవలెను. అప్పుడు లవపు వర్గము హారపు వర్గమునకు రెట్టింపు గనుక లవము సరిసంఖ్య. సరిసంఖ్య వర్గమును నాలుగు నిశ్శేషముగా భాగించును. అందుచే హారపు వర్గమును, హారమును సరిసంఖ్యలే. రెండును సరిసంఖ్యలైనచో వానిని మరల రెండుచే కుదింపవచ్చును గదా! మొదటి ఊహకు ఇది విరుద్ధము. కావున ఏ భిన్నమును √2కు సమానము కాజాలదు.

22, 5½ వంటివి అకరణీయ సంఖ్యలు. √2 వంటివి కరణీయ సంఖ్యలు. రెండును వాస్తవ సంఖ్యలే. ఋణసంఖ్య స్వభావముచేత వర్గము కాదు గనుక దానికి మూలము లేదని 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహము’న చెప్పెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తరువాతి కాలమున ఐరోపా గణితజ్ఞులు అట్టి మూలములకై కల్పిత సంఖ్యలను ఏర్పరచిరి. కంచె వేయుటకు మాత్రము వానితో పనిలేదు.

విచిత్రమేమనగా, ఒక ఎకరపు చతురస్రమునకును భుజము తెగదు, 69.57 గజములకు కొంచెము మించి ఉండును. పది ఎకరములైనచో సరిగా 220 గజములు.