కంకణం తొడిగిన పత్రిక

పల్నాటి నకరికల్లులో జాకెట్టు కుట్టించుకోవాలంటే టైలరుకు ఆది జాకెట్టు ఇచ్చి వస్తే సరిపోయే రోజులు పోయాయి. వెనక మెడ ఎంత లోతు ఉండాలో, పఫ్ చేతులు ఎలా రావాలో, పైపింగ్ ఏ రంగుదో చెప్పడానికి ఇప్పుడు ఫోనులో బొమ్మ చూపిస్తున్నారు. ఫోను రాకముందు ఆ బొమ్మ వారపత్రికల రంగుల పేజీల్లో, ఆదివారం అనుబంధాల్లో దొరికేది.

అలాంటి బొమ్మలతోనే లోకాన్ని చుట్టిన పత్రిక వోగ్. 1892లో న్యూయార్క్‌లో ఆర్థర్ టర్న్యూర్ దాన్ని వారపత్రికగా మొదలుపెట్టాడు. ఊళ్లోని సంపన్న కుటుంబాల ముచ్చట్లే అప్పట్లో అందులో ఎక్కువ. 1909లో కాండే నాస్ట్ చేతికొచ్చాక దాని దశ తిరిగింది. ఎంతమంది చదువుతున్నారన్నదానికంటే డబ్బున్నవాళ్లు ఎందరు చదువుతున్నారన్నది ఆయనకు ముఖ్యం. ఖరీదైన వస్తువులు అమ్మేవాళ్లకు కావలసిందీ అదే కాబట్టి ప్రకటనల రాబడి పెరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రతులను ఓడల్లో పంపడం కష్టమైతే 1916లో బ్రిటన్‌లోనే వేరే సంచిక పుట్టింది. 1920లో ఫ్రాన్స్ సంచిక వచ్చింది. వోగ్ మన దేశానికి వచ్చేసరికి 2007 అయింది.

తెలుగులో ఆడవాళ్ల పత్రిక చీరల దగ్గర మొదలు కాలేదు, చదువు దగ్గర మొదలైంది. కందుకూరి వీరేశలింగం 1883లో 'సతీహితబోధిని' తెచ్చారు. 1902లో సత్తిరాజు సీతారామయ్య 'హిందూ సుందరి' ప్రారంభించారు. ఆ తర్వాత మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ దానికి సంపాదకులయ్యారు. భండారు అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి' 1902లో వెలువడింది అందులోనే. ఆడవాళ్ల కోసం మగవాళ్లు పెట్టిన పత్రికల్లో ఆడవాళ్లే రాసేవాళ్లూ దిద్దేవాళ్లూ కావడానికి ఎంతో కాలం పట్టలేదు.

వోగ్‌లాగే సరుకునూ పత్రికనూ ముడివేసి నడిపిన తెలుగు మాసపత్రిక 'గృహలక్ష్మి'. 1928లో మద్రాసులో దాన్ని స్థాపించిన డాక్టర్ కె.ఎన్. కేసరి ఒంగోలు దగ్గరి ఇనమనమెళ్లూరులో పుట్టారు. చిన్నప్పుడే పొట్ట చేతపట్టుకుని మద్రాసు చేరి, ఆయుర్వేదం నేర్చి, ఆడవాళ్ల కోసం తయారుచేసిన 'లోధ్ర' మందుతో పేరూ డబ్బూ సంపాదించారు. అంతకు ముందే అమృతాంజనం రాబడి కాశీనాథుని నాగేశ్వరరావుకు 'ఆంధ్రపత్రిక' నడపడంలో అండగా నిలిచింది. లోధ్ర 'గృహలక్ష్మి'కి అలాంటి అండే అయింది. మందు సీసా కొన్న ఇల్లాలికీ, పత్రిక చదివే ఇల్లాలికీ కేసరి పేరు ఒకేలా పరిచయం.

ఆ పత్రికకు ప్రాణం పోసిన కలం బాపట్లది. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' పేరుతో ఏళ్ల తరబడి అందులో రాశారు. శారద తన నెచ్చెలి కల్పలతకు ఉత్తరం రాస్తున్నట్టుగా ఆ శీర్షిక నడిచేది. వంటింటి గడప దాటకుండానే లోకమంతా తిరిగొచ్చిన ఉత్తరాలవి. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం, విడాకులు, అంటరానితనం, ఖద్దరు అన్నీ వాటిలో చర్చకు వచ్చాయి. ఏ బట్ట కట్టాలన్న ప్రశ్న అక్కడ అందానికి సంబంధించినది మాత్రమే కాదు, దేశానికీ నేతగాడి కూడుకీ సంబంధించినది. మిల్లు బట్ట వచ్చి చితికిపోయిన నేత కుటుంబాన్ని ఆవిడ 'కుటీరలక్ష్మి' కథలో చూపించారు.

'గృహలక్ష్మి' పుట్టిననాటికి బాపట్ల, ఒంగోలు, నకరికల్లు అన్నీ ఒకే గుంటూరు జిల్లాలో ఉన్నాయి. ఇవాళ అవి మూడు వేర్వేరు జిల్లాల్లో ఉన్నాయి. ఈ పత్రికను పెట్టిన మనిషిదీ, దానికి పేరు తెచ్చిన రచయిత్రిదీ అప్పటి మన జిల్లాయేనన్న సంగతి పల్నాటి పాఠకులు గర్వంగా తలుచుకోవలసినది.

1934లో కేసరి రచయిత్రుల కోసం ఒక సత్కారం ఏర్పాటు చేశారు. దాని పేరు గృహలక్ష్మి స్వర్ణకంకణం. మొదటిది అందుకున్నది వరలక్ష్మమ్మే. చేతి బంగారం అంటే పుట్టింటివాళ్లు పెట్టినదో, అత్తింటివాళ్లు చేయించినదో అన్నదే అప్పటి లెక్క. ఆ ఏడాది ఒక తెలుగు ఇల్లాలి చేతికి, ఆమె రాసిన రాతకు గుర్తుగా బంగారు కంకణం ఎక్కింది. ఫ్యాషన్ పత్రికల చరిత్రలో ఎన్ని నగల బొమ్మలు అచ్చయినా, ఈ నగ వాటి సరసన వేరుగా మెరుస్తుంది.

తర్వాత రంగుల కాలం వచ్చింది. ఇంగ్లీషులో 'ఫెమినా' 1959లో పుట్టింది. పారిస్‌లో 1945లో మొదలైన 'ఎల్' 1996లో భారతదేశానికి వచ్చింది. తెలుగు దినపత్రికలు వసుంధర, నవ్య, ఫ్యామిలీ లాంటి పేజీలతో కట్టూబొట్టునూ, ఆరోగ్యాన్నీ, ఉద్యోగాల కబుర్లనూ ఇంటికి చేరుస్తున్నాయి. పెళ్లి పట్టుచీర బొమ్మ పక్కనే సొంత వ్యాపారం పెట్టిన మహిళ కథ ఉంటుంది.

ఇంకో తోవా ఉంది. కొండవీటి సత్యవతి సంపాదకత్వంలో 1993లో హైదరాబాదులో మొదలైన 'భూమిక' స్త్రీల హక్కులు, హింస, చట్టాల గురించి రాస్తూ వచ్చింది. 2006లో ఆపదలో ఉన్న స్త్రీల కోసం ఒక హెల్ప్‌లైన్ కూడా ప్రారంభించింది. ఒకప్పుడు శారద కల్పలతకు ఉత్తరంలో చెప్పినట్టే, ఇప్పుడు ఎక్కడో ఒక ఊళ్లో ఒకామె ఫోను తీసి తన బాధ చెప్పుకుంటుంది. అవతలి వైపు ఇంకొక స్త్రీ వింటుంది.