గ్రంథాలయ సెస్సు - నగరములందలి తెలుగు బీరువా

ధనవంతునకు సొంత పుస్తక భాండారము ఉండవచ్చును. సామాన్యునకు ఊరి గ్రంథాలయమే దిక్కు. దానిని దాతల దయకు విడువక ప్రజల పన్నుతో నడుపవలెనను సూత్రమును స్వతంత్ర భారతమున మొదట శాసనముగా నొనర్చినది 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయముల చట్టము. ఆచార్య ఎస్. ఆర్. రంగనాథన్ దీనికి మూలపురుషుడు. నాడు ఆంధ్ర మండలములును ఆ రాష్ట్రముననే యుండెను. 1914లోనే బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల పూనికతో గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైరి. కావున ఈ భావము తెలుగువారికి క్రొత్తది కాదు.

ఈ చట్టమునకు జీవము గ్రంథాలయ సెస్సు. స్థానిక సంస్థ దీనిని ఇంటిపన్నుతో చేర్చి వసూలుచేసి గ్రంథాలయాధికారులకు అప్పగింపవలెను. రూపాయి పన్నునకు తమిళనాడున 10 పైసలు, 1965 నాటి చట్టము ననుసరించి కర్ణాటకమున 6 పైసలు దీని రేటు. 1967 నాటి మహారాష్ట్ర చట్టమునందును, 2001 నాటి ఒడిశా చట్టమునందును సెస్సు లేదు. అచ్చట ప్రభుత్వపు గ్రాంటే ముఖ్యాధారము.

కావున కోత రెండు విధముల వచ్చును: సెస్సు లేనిచోట గ్రాంటు తగ్గుటవలన, ఉన్నచోట వసూలైన సొమ్ము చేరకుండుటవలన. బెంగుళూరు, చెన్నై నగరములలో పురపాలక సంస్థలు సెస్సు బకాయిపడిన వార్తలు పలుమార్లు వెలువడినవి. ఇంటి యజమాని సొమ్ము చెల్లించెను. పాఠకునకు పుస్తకము రాలేదు.

సొమ్ము తగ్గినను జీతములు, అద్దె, విద్యుత్తు ఆపరానివి. ఆపదగినవి క్రొత్త పుస్తకములు, పత్రికలు, బైండింగు మాత్రమే. ఉన్న కొద్ది సొమ్ము రాష్ట్రభాషా గ్రంథములకును, పరీక్షల పుస్తకములకును చాలును. తెలుగు వంతు చివరకు మిగులును. క్రొత్త పుస్తకము లేనందున పాఠకుడు రాడు. పాఠకుడు రానందున ఎరవు లెక్క తగ్గును. లెక్క తగ్గినందున తెలుగు పుస్తకము అక్కరలేదని తేల్తురు. తెలుగు బడులు అరుదైన నగరమున ఈ నష్టము రెట్టింపగును. బడిలో నేర్చిన అక్షరమును బాలుడు నిలుపుకొనుటకు వేరు తావు ఉండదు.

ప్రతిక్రియ కొంత తెలుగువారి చేతిలోనే కలదు. ఇంటి కొక సభ్యత్వము, నెల కొక తెలుగు పుస్తకము ఎరవు తెచ్చుకొన్నచో గ్రంథాలయపు లెక్కలే తెలుగునకు సాక్ష్య మిచ్చును. కావలసిన గ్రంథముల పట్టికను వ్రాతమూలముగా గ్రంథపాలకునకు సమర్పింపవచ్చును. సెస్సు ఎంత వసూలైనదో, ఎంత గ్రంథాలయమునకు చేరినదో 2005 నాటి సమాచార హక్కు చట్టము ననుసరించి అడుగవచ్చును. ఇంటిపన్నుతో సెస్సు చెల్లించు కుటుంబము కోరునది భిక్ష కాదు, తాను చెల్లించిన సొమ్మునకు లెక్క.