వాన దారిలో మురుగు

హైదరాబాద్‌ది ఎగుడుదిగుడుల రాతినేల కావడం వల్ల ఇక్కడ కురిసే వానలో ఇంకేది కొంతే, పల్లానికి పరుగెత్తేదే ఎక్కువ. ఆ పరుగును నెమ్మదింపజేసేందుకు పూర్వులు గొలుసుకట్టు చెరువులు తవ్వించి, ఎగువ చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరేలా కాలువలు కలిపారు. నేడు నాలాలుగా పిలుస్తున్నవాటిలో అనేకం ఆ వాననీటి దారులే. అయితే ఏడాదిలో ఎక్కువ రోజులు వాటిలో పారుతున్నది మురుగు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మందిని పొట్టనపెట్టుకున్న తరువాత, నిజాం ప్రభుత్వం రప్పించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదను ఎగువనే ఆపే జలాశయాలను ప్రతిపాదించగా, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆయన నగరానికి మురుగునీటి పారుదల పథకాన్ని కూడా సూచించారన్న సంగతి అంతగా ప్రస్తావనకు రాదు. వరదను, మురుగును ఒకే చూపుతో పరిశీలించి, వేర్వేరు దారుల్లో నడపవలసిన అవసరం నాటికన్నా నేడే ఎక్కువ.

రెండూ కలిసిపోతే జరిగేది ఏమిటో రోడ్డు కింది కల్వర్టు దగ్గర కనిపిస్తుంది. వానలు లేని నెలల్లో నాలాలో పలచగా, నెమ్మదిగా సాగే మురుగు తనలోని మడ్డిని అడుగున వదులుతూ పోతుంది. కల్వర్టుకు అడ్డంగా వేసిన మంచినీటి పైపుకు ప్లాస్టిక్ సంచులు, చిరిగిన పరుపులు, కొబ్బరి మట్టలు చిక్కుకుని, వాటి వెనుక పూడిక మేట వేస్తుంది. కుండపోత వచ్చిన రోజున సగం మూసుకుపోయిన ఆ దారిలో పట్టని నీరు బస్తీల్లోకి మళ్లుతుంది. ఇళ్లలో మోకాలి లోతున నిలిచేది అప్పుడు వాననీరు మాత్రమే కాదు, మలినం కలిసిన నీరు.

హుస్సేన్‌సాగర్ కష్టమూ ఇదే. కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చే ఇళ్ల మురుగును, పారిశ్రామిక వ్యర్థజలాలను చెరువులో పడకుండా పక్కకు తప్పించే ఏర్పాట్లున్నా, వాటిని రూపొందించింది వాన లేనప్పటి ప్రవాహానికి. గట్టి వాన పడితే నాలా వాటిని దాటుకుని సాగరంలో కలుస్తుంది. వేసవంతా రోడ్ల మీద పేరుకున్న నూనె, టైర్ల పొడి, చెత్త తొలి వానల్లోనే కొట్టుకొస్తాయి గనుక ఆ నీరే మరింత మలినం.

2020 అక్టోబరులో చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగిన తరువాత, నాలాల విస్తరణకు ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. విస్తరణ తప్పనిసరే. కానీ ఇళ్ల, అపార్ట్‌మెంట్ల మురుగు లైన్లను నాలాల నుంచి విడదీసి శుద్ధి కేంద్రాలకు వెళ్లే గొట్టాలకు కలపకపోతే, వెడల్పు చేసిన నాలా కూడా పూడిపోతుంది. కంటికి కనిపించే గోడల కన్నా కనిపించని ఈ కలుపుడు పనికే ముందు నిధులు దక్కాలి. వానాకాలానికి ముందు తీసిన పూడికను గట్టు మీదే కుప్పపోసి వదిలే అలవాటు కూడా ఆగాలి; తొలి జల్లుకే అది తిరిగి నాలాలోకి జారుతోంది.