డీక్ - ఒక ఆటమాట పూర్వకథ

క్రీడారంగంలో వాడే మాటలు కొన్ని ఇతర వృత్తులనుండి వచ్చి అక్కడ స్థిరపడినవే. కెనడాలో మంచుహాకీ ఆడేవారి నోట పుట్టిన 'డీక్' అనే క్రియాపదం అటువంటిది.

మంచుహాకీని బంతితో కాక, 'పక్' అనే గట్టి రబ్బరు బిళ్ళతో ఆడుతారు. పక్‌తో దూసుకువచ్చే ఆటగాడు భుజాన్నో, కర్రనో ఒక దిక్కుకు మళ్ళించి, ప్రత్యర్థి అటు ఒరిగిన క్షణంలోనే రెండవ దిక్కుగా సాగిపోవడాన్ని 'డీక్ చేయడం' అంటారు. మన హాకీ మైదానాలలో ఇటువంటి నేర్పునే 'డాడ్జ్' అనడం మనకు పరిచితమే.

'డికాయ్' అనే ఆంగ్లపదం కుదించగా 'డీక్' ఏర్పడింది. డికాయ్‌కు మూలం డచ్చి భాషలో పంజరమనే అర్థమున్న 'కోయ్'. నెదర్లాండ్స్‌లో కొలనునుండి వంపుగా కాలువలు త్రవ్వి, వాటిపై వల కప్పి, మచ్చిక బాతుల సాయంతో అడవి బాతులను లోనికి రప్పించి పట్టేవారు. కాలక్రమాన ఉచ్చు పేరు ఎరగా నిలిచిన పక్షికీ చెల్లింది. అటువంటి ఎరను మన తెలుగువారు 'దీమం' అన్నారు. రామాయణంలో మారీచుడు ధరించిన బంగారులేడి రూపం దీమం కాక మరేమిటి?

వేటలో దీమం వేరు, వేటగాడు వేరు. డీక్‌లో ఆటగాడి దేహమే దీమం. 1994 ఫిబ్రవరి 27న లిల్లెహామర్ ఒలింపిక్ అంతిమపోటీలో స్వీడన్ ఆటగాడు పీటర్ ఫోర్స్‌బర్గ్ ఒక ప్రక్కకు సాగుతూ కెనడా గోల్‌కీపర్ కోరీ హిర్ష్‌ను అటు రప్పించి, ఒంటిచేత కర్ర చాచి పక్‌ను రెండవ ప్రక్కనున్న ఖాళీలోకి జార్చాడు. స్వీడన్‌కు స్వర్ణం లభించింది. మరుసటి సంవత్సరం ఆ దృశ్యంతో స్వీడన్ తపాలాబిళ్ళ వెలువరించింది.

ఇది మోసం కాదా అని కొందరు ప్రశ్నించవచ్చు. దానికి సమాధానం ఆట నియమాలలోనే ఉన్నది. దెబ్బ తగలకుండానే తగిలినట్లు పడిపోయి నటించేవాడిని నియమావళి శిక్షించి, బరి వెలుపల కూర్చుండబెడుతుంది. డీక్ చేసినవాడికి ఏ శిక్షా లేదు. కారణం స్పష్టమే: మొదటివాడు తీర్పరిని వంచిస్తున్నాడు; రెండవవాడు తనను అడ్డగించడానికే సిద్ధమై నిలిచిన ప్రత్యర్థిని ఏమారుస్తున్నాడు. ఆ ప్రత్యర్థికి ఇటువంటి ఎత్తు ఉంటుందని ముందే తెలుసు. ఎదురెత్తు వేసే హక్కూ ఉన్నది. కొలనులోని బాతుకు ఆ రెండూ లేవు. వేటనుండి వచ్చిన మాట ఆటలో గౌరవం పొందడానికి ఈ భేదమే కారణమని మేము భావిస్తున్నాము.