ఎంత? ఎన్ని?

పిల్లలూ, ఇంగ్లీషు పాఠంలో కౌంటబుల్ (లెక్కపెట్టేవి), అన్‌కౌంటబుల్ (లెక్కపెట్టనివి) అనే మాటలు రాగానే బెదిరిపోకండి. ఆ తేడా మీకు బడిలో చేరకముందే వచ్చు. ప్రొద్దుటూరు నుంచి పెళ్లి నగలు తెస్తే, ‘బంగారం ఎంత కొన్నారు, గాజులు ఎన్ని చేయించారు’ అనే అడుగుతారు. ‘ఎంత’ ఉండాల్సిన చోట ‘ఎన్ని’ రాదు.

బంగారం వ్యాపారానికి రెండో బొంబాయి అని పేరుపడిన ఊరు ప్రొద్దుటూరు. అక్కడ బంగారాన్ని తూచేవాళ్లే తప్ప లెక్కబెట్టేవాళ్లు ఉండరు. గాజును రెండుగా కోసి చూడండి, రెండు గాజులు కావు. బంగారాన్ని ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కా బంగారమే. గోల్డ్‌కు ఇంగ్లీషులో లెక్క లేనిది ఇందుకే. లెక్క కావాలంటే తులం అడ్డుపెట్టుకోవాలి. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు 10 గ్రాములనే తులం అనేస్తున్నారు.

మరి బంగారంలో లెక్కపెట్టడానికి నిజంగానే ఏమీ లేవా? ఎందుకు లేవు! ఒక్క గ్రాములో ఉన్న పరమాణువులు సుమారుగా 3 పక్కన 21 సున్నాలు. పదార్థమంతా లెక్కకొచ్చే రేణువులే. మనకు ఏ కొలత పనికొస్తుందో దాన్నిబట్టే భాష నడుస్తుంది. పులివెందుల తోటలో చెట్టు కింద నిలబడి చీనీకాయలు ఎన్ని కాశాయంటాం. అవే కాయలు మార్కెట్‌కు చేరాక టన్ను ఎంతంటాం.

నీళ్ల సంగతే నాకు మహా ఇష్టం. మీ అవ్వ మాట చెవిపెట్టి వినండి: ‘కాసిన్ని నీళ్లు’ తెమ్మంటుంది, ‘కాసింత మజ్జిగ’ పొయ్యమంటుంది. తెలుగులో నీళ్లు, పాలు ఎప్పుడూ బహువచనమే. నీళ్లు కలిపి చిలికిన మజ్జిగ మాత్రం ఏకవచనం! బియ్యం చూడబోతే ఏకవచనంలా ఉంటుంది, కానీ ‘బియ్యం అయిపోయాయి’ అంటాం. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, రైస్ మూడింటికీ ‘ఈజ్’ ఒక్కటే. మీలో ఎవరైనా ‘వాటర్ ఆర్’ అన్నారంటే అమ్మ దగ్గర నేర్చిన వ్యాకరణం గట్టిగా పట్టుకున్నారని అర్థం. సిగ్గుపడకుండా రెండు భాషలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

జమ్మలమడుగు పక్కన గండికోట జలాశయంలో 26.85 టీఎంసీల నీళ్లు పడతాయి. ఒక్కో టీఎంసీ వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే 2,831 కోట్ల లీటర్లకు పైమాటే. అన్ని నీళ్లు నిలిచినా ఇంగ్లీషులో లెక్కకొచ్చేది అడుగులే, వాటర్ రాదు.

ఇక ఫర్నిచర్, అడ్వైస్, ఇన్ఫర్మేషన్. కుర్చీలు కళ్లెదుట నాలుగున్నా ఫర్నిచర్‌కు బహువచనం లేదు. మనకు సలహాలు పది ఉంటాయి, ఫ్రెంచివాళ్లకూ ఉంటాయి. ఇంగ్లీషువాళ్లకు మాత్రం అడ్వైస్ అంతా ఒకటే ముద్ద. ఇక్కడ కారణాలు వెతక్కుండా బట్టీపట్టేయండి: ఈ మూడింటి చివర ‘ఎస్’ రాయకూడదు, ఒకటని చెప్పాల్సివస్తే ముందు ‘ఎ పీస్ ఆఫ్’ చేర్చాలి.