వార్తల్లో పదం: యాంజియోజెనెసిస్

ఉన్న రక్తనాళం నుంచి కొత్త నాళం చిగురించడమే యాంజియోజెనెసిస్. గుండెపోటులో కరోనరీ ధమని పూడుకుపోతే, దాని మీద ఆధారపడిన కండరం ఆక్సిజన్ అందక గంటల్లోనే చచ్చిపోతుంది. అక్కడ మిగిలే మచ్చ గుండె గోడను పట్టి ఉంచుతుందే తప్ప కొట్టుకోదు.

ఆ మచ్చ అంచున కొనప్రాణంతో ఉన్న కణాలు ఊరుకోవు. ఆక్సిజన్ తగ్గగానే వాటిలో హిఫ్-1 అనే ప్రోటీన్ పోగుపడి, వీఈజీఎఫ్ అనే మరో ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. ఆ పిలుపు అందుకుని పక్కనున్న కేశనాళిక గోడలోంచి ఒక కణం ముందుకు జరుగుతుంది. సన్నని పోగులు చాచి, తడుముకుంటున్నట్టు దారి వెతుక్కుంటుంది. వెనకున్న కణాలు విభజన చెందుతూ గొట్టంగా అమరుతాయి. ఎంత అద్భుతమైన ఏర్పాటైనా, పెద్ద గుండెపోటుకు ఇది చాలదు.

మూలకణాల మీద ఆశ పుట్టింది అక్కడే. 1997లో అసహార, ఇస్నర్ బృందం రక్తంలో తిరిగే నాళపూర్వ కణాలను వర్ణించింది. ఎముక మజ్జ కణాలు చిట్టెలుకల గుండెలో కొత్త కండరంగా మారాయన్న 2001 నాటి వాదన సంచలనం రేపింది. 2004లో వేరే ప్రయోగశాలల్లో అది నిలవలేదు. ఎక్కించిన కణాల్లో చాలావరకు కొద్దిరోజులకే కనుమరుగవుతాయనీ, అవి విడిచే రసాయన సంకేతాలే నాళాల పెరుగుదలకు ఊతమిస్తాయనీ ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం.

రోగుల్లో ఫలితాలు అంతంతమాత్రమే. యూరప్‌లో 375 మందితో జరిగిన బామి పరీక్ష కూడా మరణాలు తగ్గుతాయని తేల్చలేకపోయింది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం గుండె జబ్బులకు మూలకణాలను క్లినికల్ ట్రయల్స్‌లో మాత్రమే వాడాలి. గుండెపోటులో పూడిన ధమనిని వీలైనంత త్వరగా తెరవడమే నేటికీ అసలు వైద్యం.