గ్లాసెడు నీళ్లలో కవిత్వం

స్వభావోక్తి యనగానే మన విద్యార్థులు లక్షణం వల్లించి, చెవులు నిక్కించిన లేడినొకదానిని ఉదాహరించి ఊరుకొంటారు. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటలో సొగసేమున్నదని సందేహించేవారూ లేకపోలేదు. సందేహం పాతదే. దండి ఈ అలంకారానికి తొలిస్థానమిచ్చినాడు. కుంతకుడు మాత్రం ఇది అలంకారమే కాదన్నాడు. వస్తుస్వభావమే కావ్యశరీరమైతే, దానికది నగ ఎట్లవుతుందని ఆయన ప్రశ్న.

ఈ ప్రశ్నను మరల తలపించే ఛాయాచిత్రాలు కొన్ని ఉన్నవి. అవి చెక్ దేశీయుడైన యోసెఫ్ సుడెక్ తీసినవి. 1896లో జన్మించిన సుడెక్ మొదట పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చినాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇటలీ రణరంగాన గాయపడి కుడిచేయి కోల్పోయినాడు. రెండు చేతులు కావలసిన వృత్తి దూరమైనది. మిగిలిన చేతితో కెమేరా పట్టినాడు. 1939లో జర్మను సేనలు ప్రాగ్ నగరాన్ని ఆక్రమించినవి. కెమేరాతో వీధులలో స్వేచ్ఛగా తిరిగే కాలం కాదది. మరుసటి ఏట మొదలుపెట్టి 1954 వరకు ఆయన తన పనిగది కిటికీనే మరల మరల చిత్రించినాడు.

చెమ్మ పట్టిన అద్దం, దాని వెనుక పెరటిలో వంకర తిరిగిన చెట్టు. గట్టుమీద గ్లాసెడు నీళ్లు. మరికొన్ని చిత్రాలలో ఒక గ్రుడ్డు, ఒక రొట్టె. ఇంతే వస్తుసామగ్రి. పెద్ద నెగెటివును కాగితానికి ఆనించి, పెంచకుండా అదే పరిమాణంలో చిత్రం తీసేవాడు. అందువల్ల గాజు అంచున నిలిచిన సన్నని వెలుగు సైతం చెదరలేదు.

ఇది వట్టి నకలు కాదు. ఏ వేళ తీయవలెనో, ఏ ప్రక్కనుండి చూడవలెనో ఎంచుకొన్నవాడు సుడెక్. కవి పదాన్ని ఎంచినట్లే ఆయన వెలుగును ఎంచినాడు. గ్లాసుకు లేని గుణమొక్కటీ అంటగట్టలేదు. అయినను, చేయిపోయి, వీధి మూతపడి, కిటికీ మాత్రమే దక్కినవాని ఓర్పు ఆ నీళ్లలో కనిపిస్తుంది. కుంతకుడన్నట్లు వస్తువు అలంకార్యమే కావచ్చు. చూచినవాని చూపే దానికి అలంకారమైనది.

ఉపాధ్యాయులు స్వభావోక్తి చెప్పేనాడు తరగతి కిటికీలో గ్లాసెడు నీళ్లుంచి చూడవచ్చు. ఉదయమొకసారి, మధ్యాహ్నమొకసారి కనబడినదే వ్రాయమనవలె. ‘ముత్యంవలె’, ‘అమృతంవలె’ అను మాటలు ఆనాటికి నిషిద్ధం. నీడ ఏ వైపునకు జరిగినదో గమనించి వ్రాసిన పిల్లవానికి లక్షణం వేరుగా వల్లించవలసిన పని ఉండదు.